సూచీపత్రం, ఫలశ్రుతి, వి.పి. పార్శిలు: నెల్లూరు సీమ వ్యాపారుల ప్రచార పత్రాలు (1854–1957)

తెలుగు అచ్చు చరిత్రను రాసినవారు ముద్రాలయాల స్థాపనను, పత్రికల పుట్టుకను, తాళపత్ర ప్రతుల పరిష్కరణను విపులంగా చర్చించారు. అచ్చయిన పుస్తకం ఏ మాటలతో అమ్ముడుపోయిందన్న ప్రశ్నకు మాత్రం వారి రచనలలో చోటు తక్కువ. ఇందుకు కారణం కొంతవరకు గ్రంథాలయాలలోనే ఉంది. పాత పుస్తకానికి కొత్త అట్ట వేయించేటప్పుడు మొదట పోయేది కాగితపు ముఖపత్రం; ఆ తరువాత పోయేవి చివరి రెండు మూడు ఆకులు. ప్రకాశకుల పుస్తకాల పట్టిక, వెలలు, చిరునామా, ఒక్కొక్కప్పుడు ఏ తైలానిదో లేహ్యానిదో ప్రకటన ఉండేది ఆ ఆకులలోనే. గ్రంథం నిలిచింది కాని దానిని పాఠకుడి ఇంటికి చేర్చిన రాత చెల్లాచెదురైంది.

ఈ రాతకు తెలుగులో స్థిరమైన పేరు కూడా లేదు. చేతికిచ్చేది కనుక కరపత్రం. పేర్ల వరుస కనుక సూచీపత్రం. ఊరందరికీ తెలిపేది కనుక ప్రకటన పత్రిక. నేడు వాడుకలో ఉన్న ‘బ్రోచర్’ ఫ్రెంచి భాషలో ‘కుట్టుట’ అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చింది. అంటే కొన్ని ఆకులను మడిచి కుట్టిన చిన్న పొత్తం. తెలుగు పేర్లు ఆ కాగితం చేసే పనిని చెబితే, ఫ్రెంచి పేరు అది తయారైన తీరును చెబుతుంది. ఒక వ్యాపారం తన సరకును గూర్చి తానే అచ్చువేసుకొని, కొనుగోలుదారుకు ఉచితంగా అందజేసే రాతలన్నిటినీ ‘ప్రచార పత్రం’ అనే ఒక్క మాటతో పిలవడం సౌకర్యంగా ఉంటుంది. పుస్తకం చివర కుట్టిన జాబితా కూడా ఈ కోవలోనిదే.

పరిశీలనకు నెల్లూరు సీమతో సంబంధమున్న రెండు మద్రాసు సంస్థలను తీసుకోవచ్చు. ఒకటి వావిళ్ళ వారి ఆది సరస్వతీ నిలయం. పెన్నా ముఖద్వారానికి ఉత్తరాన, విడవలూరు ప్రాంతంలో ఉన్న వావిళ్ళ అనే ఊరి పేరే వారి ఇంటిపేరు. రెండవది కె.ఎన్. కేసరి నెలకొల్పిన కేసరి కుటీరం. కోట నరసింహం కేసరి 1875లో ఒంగోలు సమీపంలోని ఇనమనమెళ్ళూరులో జన్మించారు. ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలో భాగమే. కనుక ఆయన పుట్టుకచేత నెల్లూరు జిల్లావారు. ఈ సంగతి నేటి జిల్లా పటం చూసేవారికి వెంటనే స్ఫురించదు.

ఈ తీరానికీ మద్రాసుకూ సంబంధం పాతది. మద్రాసు నుండి ఉత్తరంగా అంచెలంచెలుగా తవ్వుకుంటూ వచ్చిన ఉప్పునీటి కాలువకు 1878లో గవర్నరు పేర బకింగ్‌హాం కాలువ అని పేరు పెట్టారు. నెల్లూరు తీరం నుండి ఉప్పు, సరుగుడు కట్టెలు, బియ్యం ఆ కాలువ మీద పడవలలో మద్రాసు చేరేవి. 1899 నాటికి బెజవాడ, గూడూరుల మీదుగా మద్రాసుకు రైలుమార్గం కలిసింది. సరకు దక్షిణానికి పోయిన దారినే చదువుకున్నవారూ, బతుకుతెరువు వెతుక్కునేవారూ పోయారు. ఆ తరువాత అదే దారిన ఉత్తరానికి తిరిగి వచ్చినవి అచ్చు కాగితాలు.

వావిళ్ళ రామస్వామిశాస్త్రులు 1854లో మద్రాసులో హిందూ భాషా సంజీవని ముద్రాలయాన్ని స్థాపించారు. అనంతరం అదే ఆది సరస్వతీ నిలయంగా ప్రసిద్ధికెక్కింది. 1891లో ఆయన మరణించేనాటికి కుమారుడు వేంకటేశ్వరశాస్త్రులు ఏడేండ్ల బాలుడు. 1906 ప్రాంతాన ఈ బాలుడే సంస్థ బాధ్యత స్వీకరించి, 1956లో తాను మరణించేవరకు దానిని నడిపించారు. పురాణాలు, ప్రబంధాలు, శతకాలు, వ్యాకరణాలు, తెలుగు లిపిలో సంస్కృత గ్రంథాలు వందల సంఖ్యలో వెలువడ్డాయి. ఇన్ని గ్రంథాలు ఒక ఊళ్ళో అమ్ముడుపోయేవి కావు. మద్రాసులో తెలుగు పాఠకులు ఉన్నా, పాఠకలోకంలో అధికభాగం రాజధానికి దూరంగా, పుస్తకాల దుకాణమే లేని ఊళ్ళలో ఉంది.

ఆ దూరాన్ని తగ్గించినది తపాలా. 1877 డిసెంబరులో వాల్యూ పేయబుల్ పద్ధతి, 1879 జులైలో కాలణా పోస్టుకార్డు, 1880 జనవరిలో తపాలా మనియార్డరు వచ్చాయి. రెండేళ్ళ కాలంలో వచ్చిన ఈ మూడింటి ఉమ్మడి ఫలితాన్ని తెలుగు సాహిత్య చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదు. కావలి తాలూకాలోని ఒక బడిపంతులు కాలణా కార్డు మీద పుస్తకం పేరు రాసి పంపితే చాలు. పుస్తకం ఇంటి ముంగిటికి వస్తుంది, పోస్టుమాను చేతిలో సొమ్ము పెట్టి పుచ్చుకోవచ్చు. అయితే ఆ కార్డు మీద ఏ పేరు రాయాలో ఆయనకు ముందుగా తెలియాలి. అది తెలిపే బాధ్యత ప్రచార పత్రానిది.

వి.పి. పద్ధతిలో ఒక చిక్కు ఉంది. కొన్నవాడు సొమ్ము చెల్లించిన తరువాతే కట్ట విప్పాలి. సరకును చేత్తో తిరగేసి చూసే అవకాశం లేదు కనుక అతని నమ్మకమంతా అచ్చుమాట మీదే. అమ్మినవాడికీ భయం ఉంది: పార్శిలును పుచ్చుకోనంటే అది తిరిగివస్తుంది, రానుపోను ఖర్చు నెత్తిన పడుతుంది. వెల చూసి పుస్తకం తెప్పించిన మనిషి, దానికి తపాలా ఖర్చు కలిసేసరికి వెనుకాడవచ్చు. పాత తెలుగు పుస్తకాల జాబితాలలో వెల పక్కన తపాలా ఖర్చు ప్రత్యేకమన్న మాట అంత నియమంగా కనిపించడానికి కారణం మర్యాద కాదు. తిరిగివచ్చిన కట్టలు నేర్పిన పాఠం. పుటల సంఖ్య, టీక ఉన్నదీ లేనిదీ, కాగితపు అట్టకు ఒక వెల, బట్ట అట్టకు మరొక వెల ఇవ్వడంలో ఉన్న అంకెల పట్టుదలకు కూడా మూలం ఇదే. చూపించలేని వస్తువును కొలిచి చెప్పడం తప్ప వేరే దారి లేదు.

ఆ జాబితా పుస్తకం చివర చేరడానికి ముద్రణశాలలోనే ఒక కారణం ఉంది. పుస్తకం ఎనిమిది లేదా పదహారు పుటల ఫారాలుగా అచ్చవుతుంది. గ్రంథం 123వ పుటలో ముగిస్తే ఫారం 128 వరకు సాగుతుంది. మిగిలిన అయిదు పుటల కాగితానికి డబ్బు చెల్లించినట్టే, యంత్రం ఎలాగూ తిరుగుతుంది. ఖాళీగా వదలడం కంటే తక్కిన పుస్తకాల పేర్లు కూర్చడం మేలు. ఈ విధంగా తెలుగు సూచీపత్రం అదనపు ఖర్చు లేని శేషకాగితం మీద పెరిగింది. దాని పొట్టి వాక్యాలకు, సంక్షేపాక్షరాలకు, రూపాయలు–అణాలు–పైసల నిలువు గడులకు ఆ ఇరుకుచోటే కారణం. ఒక శతకం కొన్నవాడు దాని చివరి పుటలో మరి ఇరవై శతకాల పేర్లు చూస్తాడు. కొనేవాడెవడో వెతకనక్కరలేదు, పుస్తకం అతన్ని ముందే పట్టి ఇచ్చింది.

ప్రభుత్వం కూడా పుస్తకాల జాబితా అచ్చువేసేది. 1867 నాటి ముద్రణాలయ, గ్రంథ నమోదు చట్టం ప్రకారం మద్రాసు రాష్ట్రంలో వెలువడిన గ్రంథాల పట్టిక మూడు నెలలకొకసారి గెజెటుకు అనుబంధంగా వచ్చేది. పేరు, భాష, ముద్రాపకుడు, పుటలు, ప్రతుల సంఖ్య, వెల అన్నీ అందులో ఉంటాయి. వివరాలలో అది ప్రకాశకుల జాబితా కంటే సమగ్రం. అయినా దానిని చదివి ఎవరూ పుస్తకం తెప్పించి ఉండరు. ఎవరి కోసం ఈ గ్రంథం, చదివితే ఏమి లాభం అన్న రెండు మాటలూ అందులో లేవు. ఆ రెండు మాటలే జాబితాను ప్రచార పత్రంగా మారుస్తాయి.

ఇక్కడ సంప్రదాయ విద్యలోని ఒక పాఠం గుర్తుకు రావడం సహజం. శాస్త్రగ్రంథానికి ఆరంభంలో అనుబంధ చతుష్టయం చెప్పాలి: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. దేనిని గూర్చి, ఏ ఫలం కోసం, ఆ రెంటికీ గ్రంథానికీ ఉన్న సంగతి ఏమిటి, చదవడానికి అర్హుడెవరు అన్న నాలుగు ప్రశ్నలు అవి. చివర ఫలశ్రుతి వస్తుంది: విన్నవారికి, చదివినవారికి, రాసి ఇంట పెట్టుకున్నవారికి కలిగే మేలు. వ్యాపార ప్రచార పత్రం ఎలా ఉండాలో నేటి నిర్వహణశాస్త్ర పాఠ్యగ్రంథాలు చెప్పే మాటలు దాదాపు ఈ నాలుగు గడులలోనే ఇముడుతాయి. పండిత కుటుంబం నుండి వచ్చిన ప్రకాశకులకు ఇది ఆంగ్ల ప్రకటనలను చూసి నేర్చుకోవలసిన విద్య కాదు. అచ్చు కొత్తది, తపాలా కొత్తది. ఒక గ్రంథాన్ని దాని పాఠకుడికి పరిచయం చేసే పద్ధతి మాత్రం వారికి చిన్ననాటి నుండి తెలిసినదే. తెలుగు వాణిజ్య గద్యం ఆంగ్లానుకరణతో మొదలైందనే సామాన్యాభిప్రాయాన్ని ఈ దృష్టితో పునఃపరిశీలించవలసి ఉంది.

ఔషధాల ప్రచారంలో ఫలశ్రుతి పాత్ర మరింత స్పష్టం. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో ప్రారంభించిన అమృతాంజనం మొదట సంగీతసభలలో ఉచితంగా పంచడం ద్వారా ప్రచారం పొందిందని ప్రసిద్ధి. తలనొప్పి మందు వాసనే దానికి ప్రకటన. సభలో ఒకరు రాసుకుంటే పక్క వరుసకు తెలుస్తుంది. కేసరి కుటీరం వారి లోధ్ర స్థితి వేరు. అది స్త్రీల వ్యాధులకు ఉద్దేశించిన మందు. సభలో పంచగలిగేది కాదు, నలుగురిలో పేరెత్తగలిగేదీ కాదు. దానిని గూర్చిన సంభాషణ మొత్తం కాగితం మీదే జరగాలి.

పేరు ఎంపికలోనే కేసరి వ్యాపారప్రజ్ఞ కనిపిస్తుంది. లోధ్ర అనేది వృక్షనామం; దాని బెరడును స్త్రీల రక్తస్రావ సంబంధమైన వ్యాధులలో ఆయుర్వేదం వాడుతుంది. కావ్యాలు చదివినవారికి మరొక లోధ్ర తెలుసు: మేఘసందేశంలో అలకాపురి స్త్రీలు ముఖానికి అలదుకొనే పుప్పొడి ఈ చెట్టు పూలదే. వైద్యునికి ఓషధిగా, సాహితీపరునికి అలంకారంగా వినిపించే ఈ పేరు ఇంట్లో పదిమంది ముందు పలికినా ఎవరినీ సిగ్గుపడనివ్వదు. రోగం పేరు చెప్పకుండా మందు పేరు చెప్పవచ్చు. ఆ కాలపు గృహిణికి ఇది చిన్న సౌకర్యం కాదు.

ఇక అధికారి ప్రశ్న. 1911 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో అక్షరజ్ఞానమున్న స్త్రీలు నూటికి ఒకరు మాత్రమే. అంటే స్త్రీని ఉద్దేశించిన ప్రచార పత్రాన్ని నూటికి తొంభైతొమ్మిది ఇళ్ళలో మరొకరు చదివి వినిపించాలి: భర్తో, బడికి వెళ్ళే కొడుకో, ఎరిగిన పొరుగు మనిషో. రాసేవాడు ఇద్దరు పాఠకులను ఒకేసారి లెక్కలోకి తీసుకోవాలి. చదివేవాడికి సంకోచం కలగకూడదు. వినేదానికి విషయం అందాలి. పోస్టుకార్డు మీద రాసిన కోరికను దారిపొడుగునా ఎవరైనా చదవగలరు. కవరు రాస్తే గుట్టు నిలుస్తుంది కాని ఖర్చు పెరుగుతుంది. పంపవలసిన కార్డులో మందు పేరు, చిరునామా తప్ప మరేమీ అవసరం లేకుండా చేయగలిగితేనే ఆ వ్యాపారం సాగుతుంది. ఒక్క పదమైన ‘లోధ్ర’ ఆ పనిని కూడా చేసింది.

ఇటువంటి పత్రాలలోని భాష విషయంలో వ్యావహారిక వాద చరిత్ర రాసేవారు ఆలోచించవలసినది ఉంది. 1911 తరువాత గ్రాంథిక–వ్యావహారిక వివాదం పాఠ్యగ్రంథాల చుట్టూ, పరిషత్తుల చుట్టూ ఉధృతంగా సాగింది. ఔషధం ఎన్ని చుక్కలు, ఎన్ని పూటలు, ఏ పథ్యంతో పుచ్చుకోవాలో చెప్పేవాడికి ఆ వివాదంతో పని లేదు. వినేవారికి పొరపడే వీలు లేకుండా చెప్పాలి. శీర్షికలో సమాసం, గుణవర్ణనలో గ్రాంథికం, వాడే విధానానికి వచ్చేసరికి ఇంటిమాట: ఈ మూడంచెల భాష ఆ రకపు రాతలకు స్వాభావికం. అయితే వ్యావహారికానికి నిదర్శనాలుగా ఎత్తిచూపిన వాటిలో సీసా మీది కాగితానికి చోటు దక్కలేదు.

1928లో కేసరి గృహలక్ష్మి మాసపత్రికను ప్రారంభించారు. స్త్రీల కోసం వెలువడిన ఈ పత్రికను మందు అమ్ముకోవడానికి వేసిన సుదీర్ఘ ప్రచార పత్రమని కొట్టివేయడం తేలిక. స్త్రీవిద్యా సేవ అని మాత్రమే కీర్తించడమూ అంతే తేలిక. రెండూ ఒకే లెక్కల పుస్తకంలో ఉన్నాయన్నది వాస్తవం. అమృతాంజనం ఆదాయం ఆంధ్రపత్రికను, భారతిని నిలబెట్టినట్టే, లోధ్ర ఆదాయం గృహలక్ష్మికి ఆధారమైంది. రచయిత్రులకు ఏటా ఇచ్చే గృహలక్ష్మి స్వర్ణకంకణం 1934లో మొదట కనుపర్తి వరలక్ష్మమ్మకు లభించింది. ప్రచార పత్రం చదివి వినిపించుకొన్న తరం కూతుళ్ళు పత్రికకు రాసే తరంగా మారడంలో ఔషధ విక్రయానికి ఎంత భాగముందో తూచడం కష్టం. భాగం లేదని అనడం మాత్రం సాధ్యం కాదు.

ప్రచార పత్రం ఎంతదూరం పోతే అంతదూరం చట్టం కళ్ళలో పడుతుంది. వావిళ్ళ వారి అనుభవం ఇందుకు నిదర్శనం. ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించగా 1910లో వావిళ్ళ వారు ప్రకటించారు. అనతికాలంలోనే అశ్లీలమన్న ఆరోపణతో ఆ గ్రంథం నిషేధానికి గురైంది. 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధాన్ని తొలగించిన తరువాత 1952లో తిరిగి అచ్చయింది. ఈ కథ సుపరిచితం. ప్రచార చరిత్ర దృష్ట్యా గమనించవలసినది వేరొకటి. 1925లో భారతీయ శిక్షాస్మృతి 292వ సెక్షనుకు జరిగిన సవరణతో అశ్లీలంగా ఎంచిన వస్తువు ఫలానాచోట దొరుకుతుందని ప్రకటించడం కూడా నేరమైంది. అంటే గ్రంథాన్ని అమ్మకపోయినా, జాబితాలో దాని పేరు ఉండి, వెల ఉండి, చిరునామా ఉంటే చాలు. శేషకాగితం మీద కూర్చిన ఒక్క పంక్తి శిక్షార్హమయ్యే స్థితి అది. నిషేధమంటే గ్రంథం అలమారు నుండి పోవడమే కాదు. సూచీపత్రంలో ఆ పేరు ఉండవలసిన అక్షరక్రమంలో పై పేరూ కింది పేరూ దగ్గరగా జరగడం. వావిళ్ళ వారి జాబితాలను ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం వరుసగా సేకరించి పోల్చగలిగితే నిషేధచరిత్రలోని చాలా సంగతులు ఆ పంక్తుల మధ్యనే తేలుతాయి.

ఔషధాలకు ఆ కట్టడి ఆలస్యంగా వచ్చింది. కేసరి 1953లో మరణించారు. మరుసటి సంవత్సరం పార్లమెంటు ఔషధ, ఐంద్రజాలిక చికిత్సల ఆక్షేపణీయ ప్రకటనల చట్టాన్ని చేసింది. ప్రకటన అనే మాటకు ఆ చట్టం ఇచ్చిన నిర్వచనంలో నోటీసు, సర్క్యులర్, సీసా చీటీ, చుట్టుకాగితం మాత్రమే కాక నోటి మాట, వెలుగు, శబ్దం, పొగ ద్వారా చేసేవి కూడా చేరాయి. తెలుగు ప్రచార పత్రానికి ఇన్ని రూపాలున్నాయని ఏ అలంకారశాస్త్రకారుడూ లెక్కించలేదు. చట్టం రాసినవారు లెక్కించారు. నిషిద్ధ విషయాలలో స్త్రీల ఋతుసంబంధమైన దోషాలను సవరిస్తామనే ప్రకటన ఒకటి. మందును అమ్మవచ్చు, దాని పేరు చెప్పవచ్చు. ఆ ఫలం కలుగుతుందని ప్రజలకు ప్రకటించకూడదు. హందర్ద్ దవాఖానా వ్యాజ్యంలో 1959 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసినా, సరకు అమ్మకానికి వేసే ప్రకటనకు వాక్స్వాతంత్ర్యపు రక్షణ వర్తించదన్న వైఖరి తీసుకొంది.

అనుబంధ చతుష్టయంలోని నాలుగు గడులలో ఒకటి ఇలా ఖాళీ అయింది. విషయం, సంబంధం, అధికారి మిగిలాయి. ప్రయోజనం చెప్పడానికి వీలు లేదు. ఫలశ్రుతి తొలగిన ఔషధపత్రాలు అటుపిమ్మట సంస్థ ప్రాచీనత మీద, స్థాపకుని చిత్రం మీద, వ్యాపార చిహ్నం మీద బరువు మోపవలసి వచ్చింది. చిహ్నానికి చట్టరక్షణ 1889 నాటి సరకు గుర్తుల చట్టం నుండి కొంత, 1940 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం నుండి మరికొంత ఉండనే ఉంది. వినేవారి కోసం రాసిన వాక్యం వెనుకకు తగ్గి, చూసేవారి కోసం వేసిన బొమ్మ ముందుకు వచ్చింది. ఈ మార్పును అక్షరాస్యత పెరుగుదలతోనో, బొమ్మల అచ్చులో వచ్చిన సౌకర్యంతోనో మాత్రమే ముడిపెట్టడం సరికాదు.

పుస్తకాల జాబితాకు ఈ బెడద లేదు. శతకం చదివితే నీతి అబ్బుతుందని రాయడాన్ని ఏ చట్టమూ ఆక్షేపించలేదు. దాని కష్టం మరొకటి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు అమలులోకి వచ్చి అణాలు, పైసలు పోయి నయాపైసలు వచ్చాయి. వేంకటేశ్వరశాస్త్రులు గతించి అప్పటికి ఏడాదైనా సరిగా కాలేదు. పన్నెండణాలకు 75 నయాపైసలని సులభంగా మార్చవచ్చు. ఆరణాలకు 37 అనాలో 38 అనాలో తేల్చుకోవాలి. అంతవరకు అచ్చయి అలమారులలో ఉన్న పుస్తకాలన్నిటి చివరి పుటలలో, మూడు గడుల వెలలు అలాగే నిలిచి ఉన్నాయి.